రేవు దాటిన వదిన

లోఫోటెన్ దీవులు, నార్వే
8 సెప్టెంబర్ 2024

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ స్పీకర్ పెడుతుంది. నాన్న వెనక నుంచి "తిన్నావా" అని అరుస్తాడు. పక్కింటి బేబీ తెర మీదికి తల దూర్చేస్తుంది. నువ్వేమో గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపి లోపలికెళ్ళిపోతావు. నీతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ఇదే దారి. అమ్మకి చదవడం రాదు కాబట్టి వినిపించాల్సినవి వినిపించు, మిగతావి నీవి.

నన్ను ఇక్కడి స్కూలుకి పంపిన ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం వాళ్ళు కూడా రోజూ ఇంటికి ఫోన్ చెయ్యొద్దంటున్నారు. చేస్తే ఇక్కడి భాష రాదట. పది నెలలే కదా, జూన్‌లో వచ్చేస్తాను.

నాకు ఇంట్లో చోటిచ్చినావిడ పేరు సోల్వైగ్. యాభై ఏళ్ళుంటాయి. ఊళ్ళో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. ఆవిడ భర్త ఆర్నె మన నాన్నలాగే చేపల వేటకెళ్తాడు. పిల్లలు లేరు. నేను సముద్రం మీద బతికేవాళ్ళ పిల్లనని కాగితాల్లో చూసి అడిగి మరీ నన్ను తీసుకున్నారట. ఇళ్ళ వెనక కర్రలతో కట్టిన పెద్ద పెద్ద పందిళ్ళున్నాయి. చలికాలంలో వాటికి చేపల్ని వేలాడదీసి ఎండబెడతారు. ఉప్పు వెయ్యరు, గాలికే ఎండిపోతాయి. అమ్మకి చెప్పు, నమ్మదు.

వంటింట్లో ఒక కుర్రాడి ఫోటో ఉంది. టోపీ పెట్టుకుని నవ్వుతుంటాడు. ఎవరని అడగడానికి మొహమాటంగా ఉంది.

అన్నయ్య సంగతి ఏమన్నా తెలిసిందా? నాన్న కాకినాడలో మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్తానన్నాడు కదా. బంగ్లాదేశ్ జైళ్ళలో మనవాళ్ళు కొందరున్నారని, వాళ్ళని వదిలేస్తున్నారని ఇక్కడ ఇంటర్నెట్‌లో చదివాను. వాయుగుండంలో కొట్టుకుపోయిన బోట్లు అటువైపే చేరతాయని నాన్నే అన్నాడు. వచ్చే కార్తీకానికి రెండేళ్ళు. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చినవాళ్ళు లేరా?

నేను బయల్దేరిన రోజు గోదావరి దాటే పంటు ఎక్కుతుంటే అమ్మ ఏడ్చింది. నువ్వు ఏడవలేదు. నా జడ సరిచేసి "వెళ్ళు" అన్నావు. విమానంలో అదే గుర్తుకొచ్చి నేను ఏడ్చాను.

అమ్మని కనిపెట్టుకుని ఉండు.

నీ హారతి

*

అంతర్వేది పల్లిపాలెం
25 అక్టోబర్ 2024

హారతీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు వీధి వీధంతా మనింటి ముందే. పోస్ట్‌మాన్ స్టాంపులు అడిగాడు. ఇవ్వలేదని అలిగి వెళ్ళాడు.

అత్తయ్యకి చదివి వినిపించాను. ఉప్పు లేకుండా చేపలు ఎండబెడతారంటే నువ్వన్నట్టే అయింది. "ఉప్పెయ్యకపోతే పురుగు పట్టదా ఏంటి? చిన్నపిల్ల కదాని దాన్ని ఆటపట్టిస్తున్నారు" అంది. సాయంత్రం నెత్తళ్ళు ఎండబోస్తూ ఓ గుప్పెడు ఉప్పు లేకుండా విడిగా పోసింది, చూద్దామని. మూడోనాటికి కంపు. కాకులు కూడా ముట్టలేదు. మావయ్య నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది.

మావయ్య కాకినాడ వెళ్ళొచ్చాడు. వదిలేసినవాళ్ళలో మీ అన్నయ్య పేరు లేదు. అత్తయ్య "పేరు తప్పు రాసుంటారు" అంది. పారాదీప్ వైపు నుంచి బోటొచ్చిందంటే చాలు, చేతిలో పని పడేసి గట్టు మీదికి పరుగెడుతుంది. నేను వెనకాల చెప్పులు పట్టుకుని పరుగెడతాను.

అట్లతద్దికి సంపూర్ణమ్మ గారింటికి పేరంటానికి వెళ్ళాను. అందరికీ వాయనం ఇస్తూ వచ్చి నా దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నా మెడ వైపు చూసింది, తాడు ఉంది. నా మొహం వైపు చూసింది. తర్వాత ఇచ్చిందిలే. ఇంటికొచ్చాక ఆ అట్లు తినబుద్ధి కాలేదు. ఇది అత్తయ్యకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

మావయ్య బోటు ఇంజను మొరాయిస్తే నరసాపురం నుంచి మెకానిక్ లోవరాజు వచ్చాడు. మీ అన్నయ్య కోసం వెతకడానికి వెళ్ళిన బోట్లలో ఒకదాంట్లో ఆయనా ఉన్నాడు కదా. తిరిగొచ్చి "డీజిల్ తెట్టు తప్ప ఏమీ కనపళ్ళేదమ్మా" అన్నందుకు అత్తయ్య ఆయన మొహాన ఇసక కొట్టింది, గుర్తుందా? మొన్న ఆ మనిషికే టీ ఇచ్చింది. నాకు ఆశ్చర్యమేసింది.

చలికి చెవులు కప్పుకో. నీకు చిన్నప్పట్నుంచీ చెవిపోటు.

లక్ష్మీదుర్గ

*

లోఫోటెన్
14 డిసెంబర్ 2024

వదినా,

ఇక్కడ సూర్యుడు రావడం మానేశాడు. జనవరిలో గానీ రాడట. మధ్యాహ్నం కాసేపు ఆకాశం నీలంగా అవుతుంది, అంతే, మళ్ళీ లైట్లు వేసుకోవాలి. స్కూల్లో నా పక్క సీటు పిల్ల "మీ ఊళ్ళో ఎండ ఎలా ఉంటుంది" అని అడిగింది. ఇసకలో చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళు కాలడం గురించి ఆ పిల్లకి ఏ భాషలో చెప్పను?

సంపూర్ణమ్మ గారి ముక్క చదివి ఒళ్ళు మండింది. ఆవిడకి బుద్ధి లేదు. అన్నయ్య వచ్చాక ఆవిడ గుమ్మం ముందు నుంచే నిన్ను బండి మీద తిప్పుతాడు చూడు.

ఆ ఫోటో ఎవరిదో తెలిసింది. సోల్వైగ్ మొదటి భర్తది. పేరు పేర్, ఇక్కడ అదొక మనిషి పేరేనట. పెళ్ళయిన మూడో ఏడు చలికాలం వేటకెళ్ళి తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, బోటూ దొరకలేదు. తర్వాత కొన్నేళ్ళకి ఆవిడ ఆర్నెని చేసుకుంది. ఆ ఫోటో కిందే ఇద్దరూ కూర్చుని కాఫీ తాగుతారు, నవ్వుకుంటారు. నిన్న ఆర్నె ఆ ఫోటో అద్దం తుడుస్తున్నాడు కూడా.

మంచివాళ్ళే వదినా, నన్ను బాగా చూసుకుంటారు. కానీ ఇది మాత్రం నాకు జీర్ణం కావట్లేదు. శవం కూడా దొరకని మనిషి కదా. రేపు నిజంగా తలుపు తీసుకుని లోపలికొస్తే? అలా ఎలా చేసుకోగలిగింది? నాకు అప్పట్నుంచి ఆవిడ మొహంలోకి చూడబుద్ధి కావట్లేదు.

వెంటనే నువ్వే గుర్తొచ్చావు. నువ్వైతే ఎన్నేళ్ళయినా ఉంటావు. అన్నయ్య కోసం నువ్వున్నావన్న ధైర్యంతోనే ఈ చీకట్లో ఉండగలుగుతున్నాను. లేకపోతే ఎప్పుడో పారిపోయి వచ్చేసేదాన్ని.

అమ్మకి కొత్త చీర కొనమని నాన్నకి చెప్పు.

హారతి

*

పల్లిపాలెం
28 జనవరి 2025

హారతీ,

ఇక్కడ అందరూ కులాసా.

నీ ఉత్తరంలో ఆ సోల్వైగ్ గారి సంగతి దాటేద్దామనుకున్నాను. గొంతు ఆగేసరికి అత్తయ్య కనిపెట్టేసింది. "మింగకుండా మొత్తం చదువు" అంది. చదివాను. అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ రెండో ఆయన ఫోటో తీసెయ్యమన్లేదా?" లేదట అత్తయ్యా అన్నాను. ఆ పూట అత్తయ్య అన్నం సరిగ్గా తినలేదు.

ఆవిడ గురించి నువ్వు అలా రాయకుండా ఉండాల్సింది. ఒకరింట్లో అన్నం తింటూ వాళ్ళ మొహంలోకి చూడబుద్ధి కావట్లేదని రాయడం బాగాలేదు. ఆవిడ ఎన్ని రోజులు ఒక్కతీ ఉందో నీకు తెలుసా? ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి చూసి ఎన్నిసార్లు గుమ్మంలో ఆగిపోయారో?

నేనున్నానన్న ధైర్యం అన్నావు. అలాంటివి ఇంకో మనిషి నెత్తిన పెట్టకూడదు.

అంతర్వేది గుడి తీర్థం దగ్గరపడింది. అయ్యాక కొన్నాళ్ళు ఓడలరేవు వెళ్తానేమో, మా అమ్మ రమ్మంటోంది. ఉత్తరం ఆలస్యమైతే కంగారుపడకు.

లక్ష్మీదుర్గ

*

లోఫోటెన్
16 మార్చి 2025

వదినకి,

నీ పొడి ఉత్తరం అందింది. నేనేం తప్పు రాశానో తెలియక ఎన్నిసార్లు చదువుకున్నానో. సోల్వైగ్ మీద నీకు అంత జాలేంటా అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది.

ఫోన్ చేస్తే నువ్వుండవు. "ఓడలరేవెళ్ళింది", "నీళ్ళకెళ్ళింది" అంటుంది అమ్మ. చివరికి మొన్న బేబీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది, మీ వదినకి లోవరాజుతో ఖాయమైందట కదా, నీకు చెప్పలేదా అని. క్లాసులో ఉన్నాను. బయటికొచ్చి మంచులో నిలబడ్డాను. కోటు వేసుకోలేదన్న సంగతి కూడా తెలియలేదు. టీచర్ వచ్చి లోపలికి తీసుకెళ్ళింది.

లోవరాజా? అన్నయ్య లేడని చెప్పడానికి వచ్చినవాడు. ఇంజను బాగుచెయ్యడానికొచ్చాడని నువ్వే రాశావు. దేనికొచ్చాడో ఇప్పుడర్థమవుతోంది. అమ్మ ముందు ఇదంతా ఎలా చెయ్యగలిగావు? గట్టు మీదికి పరిగెత్తే మనిషి వెనక చెప్పులు పట్టుకుని పరిగెత్తానన్నావే, ఆ చెప్పులు ఇప్పుడెవరు పట్టుకుంటారు?

జూన్‌లో వస్తున్నాను కదా. కనీసం నేనొచ్చేదాకా ఆగలేకపోయావా? రేపు అన్నయ్య వస్తే ఏ మొహం పెట్టుకుని ఎదురు నిలబడతావు?

మా ఇంట్లో ఇన్నాళ్ళూ పరాయిమనిషిని పెట్టుకున్నామని నాకు ఇప్పుడు తెలిసింది.

హారతి

*

పల్లిపాలెం
8 ఏప్రిల్ 2025

హారతీ,

ఇది నేను రాయాలనుకున్న ఉత్తరం కాదు. నీది చదువుకుని ట్రంకు పెట్టెలో దాచేశాను. "చదవవేంటి, పిల్లకేమైంది" అని అత్తయ్య రెండు రోజులు అడిగింది. బాగానే ఉందట అన్నాను. నమ్మలేదు. నేను చేపలకెళ్ళినప్పుడు పెట్టె తీసి, బేబీని పిలిచి చదివించుకుంది. నేను ఇంటికొచ్చేసరికి అరుగు మీద కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చునుంది. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలిపావో చూడు" అంది. రాస్తున్నాను.

"ఏమే హారతీ, మీ అమ్మనే, తలుపులమ్మని. ఏం రాతలే అవి? ఎవరే పరాయిది? నీ తల దువ్వి, నీకు జొరమొస్తే తడిగుడ్డేసి కూచున్నదా పరాయిది? అంత చదువు చదివావు, మడిసినేమనాలో తెలీలేదా?

"ఈ పెళ్ళి మీ వదిన కోరింది కాదు. నేను కోరింది. ఇది మూడుసార్లు కాదంది. ఓడలరేవు పారిపోతే నేనెళ్ళి దాని కాళ్ళు పట్టుకుని తీసుకొచ్చాను. నవ్వకు, నిజంగానే పట్టుకున్నాను, వాళ్ళమ్మ చూస్తుండగా. లోవరాజింటికి నేనూ మీ నాన్నా వెళ్ళాం. పెళ్ళాం పోయిన మడిసి. తాగడు. ఆ రోజు నేనిసక కొట్టినా కళ్ళు తుడుచుకుని నిలబడ్డాడు గానీ అబద్ధం చెప్పలేదు. ఆడి మీద నాకు నమ్మకం అందుకే.

"నువ్వే రాశావు కదే, ఆ ఊళ్ళో ఆవిడ సంగతి. మొదటోడి ఫోటో కింద రెండోడు కాఫీ తాగుతాడని. నువ్వు తప్పుగా రాశావు, నాకు తప్పుగా వినపళ్ళేదు. రెండు రోజులు అదే ఆలోచించాను. సంపూర్ణమ్మ ఇంటికాడ జరిగింది కూడా నాకు తెలుసు. ఇది చెప్పకపోతే నాకు తెలీదనుకుంది. ముత్తైదువా కాదు, మరోటీ కాదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నా కొడుకొస్తాడని నేను కూచోవచ్చు, నేను తల్లిని. దీన్ని కూచోబెట్టడానికి నేనెవర్ని?

"తీర్థం అయిన తర్వాత గోదారి సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర, ఆడి పేరున గడ్డిబొమ్మ చేయించాం. మీ నాన్న నిప్పు పెట్టాడు. దీని మెడలో తాడు నేనే తీశాను, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

ఇక్కడ అత్తయ్య ఆగిపోయింది. రాయనా వద్దా అన్నట్టు చూశాను. "రాయి" అంది.

"మీ అన్న ఉదయ్ పోయాడని నేననుకోవట్లేదు. ఈ పొద్దుటికీ అనుకోవట్లేదు. ఎక్కడో ఏదో ఒడ్డునున్నాడు. కానీ ఆడు బతికున్నాడని నేనంటే ఇది బతకదు. అందుకని నా కొడుకుని నా నోటితో పోయాడన్నాను. రేపాడొచ్చి 'ఎందుకన్నావమ్మా' అని అడిగితే నేను చెప్పుకుంటాను. నా మీద పడి ఏడుస్తాడు. ఏడవనీ. అది నాకూ ఆడికీ మధ్య. నీకు మధ్యలో పనిలేదు.

"నీకు చెప్పొద్దని దీన్నీ మీ నాన్ననీ కట్టడి చేసింది నేనే. చెబితే పుస్తకాలు పడేసి పరిగెత్తుకొస్తావు. మీ అమ్మే ఒప్పుకుందంటే ఆ చీకట్లో ఒక్కదానివీ ఏమైపోతావోనని భయమేసింది. నీ ఏడాది నువ్వు పూర్తి చేసుకునే రా. అంతకు ముందొస్తే గుమ్మం తొక్కనివ్వను. వైశాఖంలో వేట ఉండదు, మగాళ్ళందరూ ఇంటి దగ్గరుంటారు. గుళ్ళో పదిమంది ముందు దీన్ని నా ఇంటి నుంచే పంపిస్తాను."

ఇంతవరకూ అత్తయ్య మాటలు. ఇప్పుడు నీళ్ళ బిందె తీసుకుని లేచివెళ్ళింది, కాబట్టి నావి కొన్ని.

హారతీ, లోవరాజు గారు నెమ్మదైన మనిషి. ఇంకేం తెలీదు నాకు. ఇష్టమేనా అని మాత్రం అడగొద్దు, నాకింకా తెలియదు. గట్టు దగ్గర గడ్డిబొమ్మ అంటుకున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. అది మీ అన్నయ్యలా లేదు, ఎవరిలాగా లేదు. ఇంటికొచ్చి ఆయన లుంగీ మడతపెడుతుంటే వచ్చింది.

ఏ మొహం పెట్టుకుని నిలబడతావు అని అడిగావు. అదే నేనూ రోజూ అడుక్కుంటున్నాను. నువ్వు రాయక్కర్లేదు.

లక్ష్మీదుర్గ

*

లోఫోటెన్
3 మే 2025

వదినా,

ఈ ఉత్తరం నీ పెళ్ళిలోపు చేరుతుందో లేదో. చేరాలని పోస్టాఫీసులో ఎక్కువ స్టాంపులు అంటించాను.

మొన్న ఫోన్లో చెబుదామనుకున్నాను. అమ్మ ఫోన్ నీకిచ్చింది. నువ్వు "బాగున్నావా" అన్నావు. నేను "బాగున్నాను" అన్నాను. తర్వాత నీ ఊపిరి వినబడింది. సిగ్నల్ లేదని అబద్ధం చెప్పి పెట్టేశాను.

నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. నీ ఉత్తరం మంచం మీద పెట్టుకుని ఏడుస్తుంటే సోల్వైగ్ వచ్చింది. అన్నయ్య గురించి అప్పటిదాకా ఆవిడకి సగమే చెప్పాను. ఆ రోజు మొత్తం చెప్పాను. నేను నీకు ఏం రాశానో కూడా చెప్పాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. తర్వాత "మన ఊళ్ళో కొట్టు ఉండగా నేను సరుకులకి పక్క ఊరికెందుకు వెళ్తానో తెలుసా" అని అడిగింది. తెలీదన్నాను. ఆ కొట్టు పేర్ చెల్లెలిదట. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళట. సోల్వైగ్ ఆర్నెని చేసుకున్న రోజు నుంచి ఆవిడ మాట్లాడలేదు. మొదట్లో సోల్వైగ్ కొట్టుకెళ్తే సరుకులు ఇచ్చేది, డబ్బులు తీసుకునేది, తలెత్తేది కాదు. అది భరించలేక వెళ్ళడం మానేసింది. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది.

"పేర్ పోయినందుకు ఏడ్చాను. కానీ అది సముద్రం చేసిన పని, సముద్రాన్నేం అంటాం" అంది. "ఆ పిల్ల మాత్రం రోజూ కిటికీలోంచి కనిపిస్తుంది."

ఆ మాట తర్వాత నేను కొట్టు దాకా నడిచి వెళ్ళాను. చాక్లెట్ కొన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చిల్లర లెక్కపెడుతోంది. చెడ్డమనిషిలా లేదు. నాకు తెలియకుండానే ఆవిడ మొహంలో నన్ను వెతుక్కున్నాను వదినా. భయమేసింది.

నువ్వు పరాయిదానివి కాదు. ఆ మాట రాసిన చెయ్యి నాదే. దాన్నేం చెయ్యను? నువ్వు పెళ్ళి చేసుకో. అమ్మ చెప్పిందని కాదు, నేను ఒప్పుకున్నానని కాదు. ఎప్పటికైనా నీకు నవ్వొచ్చేలా ఉంటే చేసుకో. అన్నయ్య ఉన్నాడని నేను అనుకుంటూనే ఉంటాను, అమ్మలాగే. కానీ దానికి నిన్ను కాపలా పెట్టను.

వచ్చే నెల పద్నాలుగున బయల్దేరతాను. ఇప్పుడిక్కడ చీకటి పడడమే లేదు. పందిళ్ళ నిండా చేపలు గాలికి ఒకదానికొకటి కొట్టుకుని కర్రల్లా టకటకమంటున్నాయి. ఈ ఊరు వదిలిపోవాలంటే దిగులుగా ఉంది. అక్కడికి రావాలన్నా దిగులుగానే ఉంది. నువ్వు లేని ఇంటికి రావడం నాకు తెలియదు.

పెళ్ళి రోజు తలంటుకునేటప్పుడు నేను పక్కనుంటే బాగుండేది. నీ జడ నేను వేసేదాన్ని.

నీ హారతి

*

పల్లిపాలెం
29 జూన్ 2025

వదినా,

దీంతో పాటు ఇంకో కవరు పంపుతున్నాను. అది ముందు చదువు. మే నెలలో నేను నీకు రాసింది. నువ్వు పెళ్ళై వెళ్ళిన వారానికి ఇక్కడికి చేరిందట. పైన నీ పేరుందని అమ్మ దాన్ని తెరవలేదు, బేబీకి కూడా ఇవ్వలేదు. దేవుడి పటం వెనక పెట్టింది. "దాని ఉత్తరం దానికే ఇవ్వాలి, వచ్చినప్పుడు ఇద్దామనుకున్నాను" అంది. మరి వదిన ఎందుకు రాలేదమ్మా అని అడిగాను. "నువ్వు రమ్మంటే వస్తానంది. నువ్వు రమ్మనలేదుగా" అంది.

నా జవాబు లేకుండానే పెళ్ళిపీటల మీద కూర్చున్నావు. గుడి మెట్ల మీద ఒకసారి వెనక్కి తిరిగి "హారతి ఏమన్నా ఫోన్ చేసిందా అత్తయ్యా" అని అడిగావని బేబీ చెప్పింది. ఆ రోజు నేను స్కూలు వాళ్ళతో కొండ ఎక్కుతున్నాను. జవాబు రాసేశాను కదా, అందే ఉంటుందిలే అనుకున్నాను. నువ్వు అన్నీ తెలుసుకునే వెళ్ళావని నేననుకున్నాను. నేను ఏమీ అనకుండా ఉండిపోయానని నువ్వనుకున్నావు.

సోల్వైగ్ నన్ను విమానం దాకా కారులో దింపింది. దారంతా సీటు బెల్టు పెట్టుకున్నావా అని అడుగుతూనే ఉంది. దిగాక నన్ను పట్టుకుని వదల్లేదు. ఆర్నె తల అటు తిప్పుకున్నాడు. పది నెలలు ఒకరింట్లో ఉండి, మళ్ళీ జన్మలో చూస్తామో లేదో తెలియకుండా వచ్చెయ్యడమేంటో నాకింకా అర్థం కావట్లేదు.

ఇక్కడ సర్కారు పెట్టిన వేట నిషేధం ముగిసింది, నాన్న వేటకెళ్ళాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి "వదినా, టీ" అని అరిచాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తిరిగి చూడలేదు. కాసేపయ్యాక తనే టీ తెచ్చి ఇచ్చింది. పంచదార మర్చిపోయింది. ఇద్దరం అలాగే తాగాం.

నిన్న పారాదీప్ నుంచి బోటొచ్చింది. అమ్మ లేచింది. నేనూ లేచాను. గట్టు మీద నిలబడి దిగినవాళ్ళ మొహాలన్నీ చూసి, "పద" అంది. దారిలో నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు పట్టుకున్నట్టు కాదు, పడిపోకుండా పట్టుకున్నట్టు. తను ఇంత ముసలిదైపోయిందని ఫోన్లో తెలియలేదు.

నిన్ను చూడ్డానికి వస్తానంటే అమ్మ ఒక మాట అంది. "ఇకనించి దాన్ని అక్కా అని పిలువు. కూతురిలా పంపించాను కదా" అంది. అప్పట్నుంచి అదే తిప్పలు పడుతున్నాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు పైకి అని కూడా చూశాను. నిన్ను అక్కా అంటే అన్నయ్య నీకేమీ కాకుండా పోతాడు. అది నావల్ల కాదు. వదినా అనే అంటే, వరస ప్రకారం లోవరాజు గారిని అన్నయ్యా అనాలి. అది కూడా నావల్ల కాదు. ఇప్పుడప్పుడే కాదు. ఆయన మంచివాడని నాన్న కూడా అన్నాడు, నమ్ముతున్నాను, కానీ ఆ మాట నోట్లోనే ఆగిపోతోంది.

అందుకని నువ్వు నాకు వదినవే. ఆయన్ని గారు అంటాను, ఏమీ అనుకోవద్దని చెప్పు.

వచ్చే ఆదివారం పొద్దున పంటు మీద నరసాపురం వస్తాను. రేవు దగ్గరికి రా. ఈసారికి నువ్వొక్కదానివే రా. తర్వాతిసారి ఆయన్ని కూడా తీసుకురా.

నీ ఆడపడుచు
హారతి